బొటనవేలంత

"బిల్లు కావాలాండీ, వద్దాండీ?"
పద్నాలుగేళ్లుగా ముమ్మిడివరం సెంటర్లో
కాలిన మోటార్లు విప్పుతూ నేనడిగే మొదటి ప్రశ్న ఇదే.
ఏం పాడైందని తర్వాత అడుగుతాను.

వద్దనే అంటారు.
కావాలన్నవాణ్ణి ఎగాదిగా చూస్తాడు మా యేసుబాబు.
రాగితీగ రాజమండ్రి నుంచి జీరోలో వస్తుంది,
చింతపండు బస్తాల మధ్య, రాత్రి బస్సు నెత్తిమీద.
జీరోలో వచ్చింది జీరోలోనే పోవాలి కదండీ,
లేకపోతే లెక్క తేలదు.

నాకు రెండు పుస్తకాలు.
ఆడిటరు గారికి చూపేది పొడుగ్గా, బీదగా ఉంటుంది.
నిజం రాసేది మా ఝాన్సీ మూడో తరగతి లెక్కల నోట్సులో,
అది వదిలేసిన సగం నించి.
ఏడో ఎక్కం ఆగిన చోట
నా అసలు సంపాదన మొదలవుతుంది.
టీచరమ్మ ఎర్రసిరాతో పెట్టిన "గుడ్"
కాగితం అవతలికి ఊరి
నా అంకెల కింద తిరగబడి కనిపిస్తుంది.

మంగతాయారు ఇన్సులిను, షాపు అద్దె,
పోయిన తమ్ముడి పిల్లలిద్దరు, ఝాన్సీ హాస్టలు.
నెలాఖరుకి మిగిలేది పంటికిందికే చాలదు,
పన్నుకెక్కడిది?
సబ్బుబిళ్ల మీద కడుతూనే ఉన్నాను,
ఫోను రీచార్జి మీద కడుతూనే ఉన్నాను.
రొయ్యల సూరపరాజు గారి అరవై ఎకరాల్లో
కాగితం మీద ఇప్పటికీ స్వర్ణ వరి పండుతోంది.
ఆ వరిచేలకే నేను ఏరియేటర్లు బాగుచేస్తాను.
ఆయన పక్కన నాదొక దొంగతనమా?
అలా అనుకునే పడుకునేవాణ్ణి.
నిద్ర కూడా పట్టేది.

మొన్న శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారు.
ఎర్రగోదారి గట్టు అంచుదాకా వచ్చి
మా ఇంటి కప్పుల కంటే ఎత్తున నిలబడింది.
అర్ధరాత్రి లస్కరు నూకయ్య కేక.
టార్చి వెలుగులో, గట్టుకి ఊరివైపున, అడుగున,
బొటనవేలంత ఊట. మట్టిరంగు నీళ్లు.
"ఎండ్రకాయ బొరియండి. తెల్లారేసరికి గండి."

బస్తాలు చాల్లేదు.
"పాత బిల్లులే అవ్వలేదండీ, కాంట్రాక్టరు పంపనంటున్నాడు,"
కుర్ర ఇంజినీరమ్మ తడిసిన ఫోను పట్టుకుని
ఏడుపు ఆపుకుంటోంది.
బిల్లన్న మాట
ఇంకొకళ్ల నోట అలా వినడం నాకదే మొదలు.

బియ్యం సంచులు, దిండు గలీబులు,
ఎవరిదో పెళ్లి పందిరి గుడ్డ కూడా తెచ్చి
ఇసకేసి కుట్టాం.
సూరపరాజు గారి పొక్లెయిను రాలేదనను, వచ్చింది.
జనం దండాలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఊట ఆగాక తడి బస్తా మీద కూచుని
నూకయ్య బీడీ ముట్టించాడు.
"ఎండ్రకాయని తిట్టకండి.
దానికేం తెలుసు గట్టని? దానికది ఇల్లు.
పిల్లల్ని పెట్టుకోడానికి తవ్వుకుంటాది."
అందరూ నవ్వారు.
నాకు గట్టని తెలుసు.

నీళ్లు తీసిన నాలుగోనాడు
చేపల కాసులమ్మ బురద కారే ఫ్యాను మోసుకొచ్చింది.
వైండింగు ఐదువందలు. పన్ను తొంభై.
తొంభై అంటే ఆమెకి గంప నెత్తిన ఒక పూట.
ఆమె మీద వేస్తే నేను కట్టినట్టా?
నా మీద వేసుకుంటే మంగతాయారుకి ఏం చెప్పను?
బిల్లుల పుస్తకం తీస్తే
చెమ్మకి కాగితాలు అతుక్కున్నాయి. ఊది విడదీశాను.
తొంభై నా జేబులోంచే.
"నాకు చదువురాదు బాబూ, ఇదేం కాయితం?"
చెప్పడం చేతకాలేదు.
చిన్నగా మడిచి రవికలో దోపుకుని పోయింది.

ఒక్కటంటే ఒక్కటి. పెద్ద గొప్పేం కాదు.
ఆ సాయంత్రమే సూరపరాజు గారి ట్రాక్టరు దించింది,
ఆరు ఏరియేటర్లు.
ఆయన మనిషి నా ప్రశ్న కోసం నిలబడ్డాడు,
జవాబు ముందే నోట్లో పెట్టుకుని.
యేసుబాబు స్పానరు పట్టుకుని
నా మొహంలోకే చూస్తున్నాడు.

"ముందు ఏం పాడైందో చెప్పండి," అన్నాను.